‘ట్రిమ్’ అసలు అర్థం కత్తిరించడం కాదు

సెలూన్‌లో కుర్చీ ఎక్కగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న: "కటింగా, ట్రిమ్మింగా?" కటింగ్ అంటే జుట్టు బాగా తగ్గించాలి. ట్రిమ్మింగ్ అంటే ఉన్న జుట్టు ఉన్నట్టే ఉంచి, చెవుల దగ్గరా మెడ దగ్గరా అంచులు సరిచేసి, మనిషి కాస్త నీట్‌గా కనపడేలా చేయాలి. కత్తెర ఒకటే, దువ్వెన ఒకటే, అయినా రెండూ వేరు పనులని అడిగేవాళ్లకీ తెలుసు, చేయించుకునేవాళ్లకీ తెలుసు. ఒక పాత ఇంగ్లీషు క్రియ దాదాపు వెయ్యేళ్లకు పైగా మోసుకొస్తున్న అర్థం ఈ చిన్న తేడాలో అలాగే నిలిచి ఉంది. అయినా "ట్రిమ్ అంటే తెలుగులో ఏంటి?" అని అడిగితే మాత్రం నూటికి తొంభై మంది "కత్తిరించడం" అనేస్తారు. ఆ జవాబు తప్పు కాదు గానీ సగమే. మిగతా సగం వదిలేస్తే ఆ మాట చాలాచోట్ల అర్థం కాకుండా పోతుంది.

ఉదాహరణకి ఒక గార్మెంట్ ఫ్యాక్టరీ చూద్దాం. అచ్యుతాపురంలోనో హిందూపురంలోనో ఇలాంటి ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లకి ఇది రోజూ వినే మాటే. అక్కడ "ట్రిమ్స్" అని ఒక స్టోర్ ఉంటుంది. బొత్తాలు, జిప్పులు, లేబుళ్లు, ఎలాస్టిక్, లేసు, దారపు రీళ్లు, అంటే గుడ్డ కాకుండా చొక్కాకి చేర్చాల్సినవన్నీ అందులో ఉంటాయి. అదే చొక్కా కుట్టడం అయిపోయి ఫినిషింగ్ సెక్షన్‌కి వచ్చాక బల్ల దగ్గర నిలబడినవాళ్లు చేతిలో బుల్లి కత్తెరతో కుట్ల చివర వేలాడే దారప్పోగులను టకటకా తీసేస్తుంటారు. ఆ పని పేరు "థ్రెడ్ ట్రిమ్మింగ్". ఒకే ఫ్యాక్టరీ, ఒకే చొక్కా. మొదట్లో ట్రిమ్ అంటే చేర్చేది, చివర్లో ట్రిమ్ అంటే తీసేసేది. ఇంగ్లీషు వచ్చిన సూపర్‌వైజర్‌కి గానీ, నాలుగు ఇంగ్లీషు మాటలు మాత్రమే తెలిసిన హెల్పర్‌కి గానీ ఇందులో ఎక్కడా కన్‌ఫ్యూజన్ రాదు. మరి ఒకే మాట చేర్చడానికీ తీసేయడానికీ ఎలా పనికొచ్చింది? ఇది తెలియాలంటే కత్తెర పక్కన పెట్టి చాలా వెనక్కి వెళ్లాలి.

పాత ఇంగ్లీషులో, అంటే ఇప్పటి ఇంగ్లీషు వాళ్లు కూడా ప్రత్యేకంగా నేర్చుకుంటే తప్ప చదవలేని భాషలో, "ట్రుమ్" అని ఒక విశేషణం ఉండేది. గట్టిది, స్థిరమైనది, బలమైనది అని దాని అర్థం. దానికి వ్యతిరేకం "ఉన్‌ట్రుమ్", అంటే బలం లేనివాడు, జబ్బుపడ్డవాడు. ఈ ట్రుమ్ నుంచి పుట్టిన క్రియే ట్రిమ్‌కి తాత. గట్టిపరచు, నిలబెట్టు, వరుసలో పెట్టు, సిద్ధం చేయు అని దాని అర్థాలు. ఉకారం ఇకారంగా ఎలా మారిందంటే, ఇంగ్లీషులో ఇది ఒక పద్ధతి ప్రకారమే జరిగింది. "ఫుల్" అంటే నిండు, దాని నుంచి వచ్చిన "ఫిల్" అంటే నింపు. "గోల్డ్" బంగారం, "గిల్డ్" బంగారు పూత పూయడం. తెలుగులో నిండు నుంచి నింపు వచ్చినట్టే అక్కడ కూడా "అలా ఉండు" నుంచి "అలా చేయు" పుట్టేటప్పుడు మాట లోపల చిన్న మార్పు జరుగుతుంది. ట్రుమ్ అంటే గట్టిది కాబట్టి ట్రిమ్ అంటే గట్టిపరచడం. కత్తెర ఊసే లేదు.

ఆ రోజుల్లో ఈ మాటను ఎలా వాడేవాళ్లో చూపే చోటు ఒకటి చాలా స్పష్టంగా దొరుకుతుంది. 991లో ఇంగ్లండ్ తూర్పు తీరాన ఎసెక్స్‌లోని మాల్డన్ అనే ఊరి దగ్గర ఓడల్లో దండెత్తి వచ్చిన వైకింగులకూ స్థానిక సైన్యానికీ యుద్ధం జరిగింది. దాని మీద పాత ఇంగ్లీషులో ఒక పద్యం ఉంది, మొదలూ చివరా పోయి మధ్య భాగమే మిగిలింది. ఆ రాతప్రతి కూడా 1731లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అంతకు ముందే ఎవరో నకలు రాసి పెట్టుకోబట్టి ఈరోజు చదవగలుగుతున్నాం. అందులో నాయకుడు బిర్త్‌నోత్ యుద్ధానికి ముందు తన మనుషులను "ట్రిమ్" చేయడం మొదలుపెట్టాడని ఉంటుంది. ఆ తర్వాతి పంక్తులు చదివితే అతను చేసిందేంటో కళ్లకు కడుతుంది: గుర్రం మీద వరుసల వెంట తిరుగుతూ, ఎలా నిలబడాలో, ఉన్న చోటు ఎలా వదలకూడదో, డాలు పిడికిట్లో ఎలా బిగించి పట్టుకోవాలో, భయపడొద్దని చెప్పుకుంటూ పోయాడు. మనుషులను వరుసలో పెట్టడం, ధైర్యం చెప్పడం, సిద్ధం చేయడం, ఈ మూడూ కలిస్తే అప్పటి ట్రిమ్. ఆ యుద్ధంలో బిర్త్‌నోత్ ఓడిపోయి చనిపోయాడు గానీ, ఆ మాటను అతని పక్కన పెట్టి చూసినంత బాగా ఇంకెక్కడా అర్థం కాదు.

తర్వాత ఒక వింత జరిగింది. ఆ కాలం దాటాక కొన్ని వందల ఏళ్లపాటు ఈ క్రియ రాతల్లో దాదాపుగా కనపడదు. ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచారు, ఫ్రెంచి రాజభాష అయింది, ఇంగ్లీషు రూపం మారిపోయింది, ట్రిమ్ జాడ మాత్రం లేదు. మళ్లీ 16వ శతాబ్దంలో ఒక్కసారిగా బయటపడింది. అదీ ఒక అర్థంతో కాదు, ఓడను సిద్ధం చేయడం, బట్టలు అలంకరించడం, జుట్టు గడ్డం సరిచేయడం, దీపం సవరించడం, ఇలా కొద్ది దశాబ్దాల్లోనే గుత్తులు గుత్తులుగా. ఇన్ని పనుల్లోకి ఒకేసారి పాకిందంటే మధ్యలో చచ్చిపోయి మళ్లీ పుట్టిందనుకోవడం కష్టం. పుస్తకం ముఖం చూడని పడవవాళ్లు, వడ్రంగులు, మంగలులు నోట్లో బతికించి ఉంటారనుకోవడమే సబబుగా అనిపిస్తుంది. మన పల్లె మాటలు ఎన్నో ఇలాగే కావ్యాలకు ఎక్కకుండా వందల ఏళ్లు బతికాయి కదా. అయితే ఆ మధ్య కాలానికి రాతలో సాక్ష్యం దాదాపు లేదు కాబట్టే భాషా శాస్త్రవేత్తలు పాత మాటకీ కొత్త మాటకీ మధ్య "బహుశా" అనే పదం పెట్టి జాగ్రత్తగా రాస్తారు.

ఓడల దగ్గర ఈ మాట ఇప్పటికీ తన పాత అర్థంతోనే ఉంది. ఓడ ముక్కు ఎంత లోతు మునిగింది, వెనక భాగం ఎంత లోతు మునిగింది, ఈ రెండింటి మధ్య తేడాను ట్రిమ్ అంటారు. సరుకు, ఇంధనం, ట్యాంకుల్లో నీళ్లు అటూ ఇటూ మార్చి ఆ తేడాను కావలసినట్టు తెచ్చుకోవడం ట్రిమ్ చేయడం. గోదావరి మీద పంటు ఎక్కినవాళ్లకి ఇది ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. బైకులన్నీ ముందు వైపే చేరుతుంటే పంటువాళ్లు కేకలేసి కొన్నింటిని వెనక వైపుకి జరిపిస్తారు. ఒక్క బైకు తగ్గించలేదు, ఒక్కటి పెంచలేదు, బరువు సర్దారంతే. నావికుల భాషలో అదే ట్రిమ్మింగ్. తెరచాపను గాలికి తగ్గట్టు బిగించడం, వదలడం కూడా ట్రిమ్మే. అక్కడ తెరచాపను కత్తిరించారని తెలుగులో రాస్తే ఓడ కదలదు!

బొగ్గుతో నడిచే ఓడల కాలంలో "ట్రిమ్మర్" అంటే ఒక ఉద్యోగం. కింద చీకట్లో, వేడిలో, బొగ్గు దుమ్ములో పారలు పట్టుకుని బొగ్గును సమానంగా సర్దుతూ, బొయిలర్ల దగ్గరున్నవాళ్లకి తోపుడు బళ్లలో అందించే మనుషులు వాళ్లు. ఒక పక్క బొగ్గే తవ్వుకుంటూ పోతే ఓడ రెండో పక్కకి ఒరిగిపోతుంది, అలా జరగకుండా చూడటం వాళ్ల పని. 1912లో మునిగిపోయిన టైటానిక్‌లో కూడా ఇలాంటి ట్రిమ్మర్లు పదుల సంఖ్యలో ఉన్నారు. ఈరోజు ట్రిమ్మర్ అనగానే బాత్రూం అద్దం ముందు గుయ్యిమనే బ్యాటరీ మెషిన్ గుర్తొస్తుంది గానీ, ఆ పేరు ముందు ఈ మనుషులది. ఇప్పటికీ ఇనుప ఖనిజం, బొగ్గు, ధాన్యం లాంటివి ఓడలో గుట్టలుగా పోశాక ఆ గుట్టను చదును చేయడాన్ని ట్రిమ్మింగ్ అనే అంటారు, ఎందుకంటే గుట్టగా వదిలేస్తే సముద్రంలో ఓడ ఊగినప్పుడు సరుకు ఒక పక్కకి జారి ఓడనే పడదోస్తుంది. విమానాల్లోకీ ఈ మాట ఓడల నుంచే వెళ్లింది. ముక్కు పైకో కిందకో పోతుంటే పైలట్ కంట్రోల్‌ని అదే పనిగా తోస్తూ కూర్చోకుండా, ట్రిమ్ చక్రం తిప్పి విమానం తనంతట తాను స్థిరంగా ఉండేలా చేస్తాడు. స్థిరంగా అంటే మళ్లీ ఆ పాత ట్రుమ్.

ఓడ నుంచి ఈ మాట రాజకీయాల్లోకి కూడా దూకింది. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ రాజకీయం టోరీలు, విగ్‌లు అని రెండుగా చీలి ఉన్నప్పుడు, ఎటూ చేరనివాణ్ని "ట్రిమ్మర్" అని వెక్కిరించేవాళ్లు. తెలుగులో అయితే గోడమీద పిల్లి అంటాం. ఆ తిట్టు తగిలినవాళ్లలో ఒకడు హాలిఫాక్స్ మార్క్విస్ అయిన జార్జ్ సావిల్. అతను తిట్టును దులిపేసుకోకుండా నెత్తిన పెట్టుకున్నాడు. ట్రిమ్మర్ స్వభావం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు, అది 1688లో అచ్చయింది. అతని వాదన సూటిగా ఉంటుంది: పడవలో కొందరు ఒక పక్కకి, ఇంకొందరు రెండో పక్కకి ఒరిగి కూర్చుంటే, ఎవరినీ ముంచకుండా పడవ సమంగా పోతే మేలు కదా అనే మూడో మనిషి కూడా ఉంటాడు, ట్రిమ్మర్ అంటే వాడే. గోడమీద పిల్లికీ ఈ మనిషికీ చాలా తేడా ఉంది. పిల్లి తన లాభం చూసుకుని దూకుతుంది, ఈ మనిషి పడవ చూసుకుంటాడు. అయినా ఇంగ్లీషులో చివరికి నిలిచింది తిట్టు అర్థమే, ఏ ఎండకి ఆ గొడుగు పట్టేవాడనే అర్థమే. హాలిఫాక్స్ వాదన మాత్రం చదవాల్సిందే, ఎందుకంటే ట్రిమ్ అనే మాట లోపలి అర్థాన్ని అతనంత బాగా విప్పి చెప్పినవాళ్లు తక్కువ.

ఇక అలంకారం సంగతి. వరుసలో పెట్టడం, సిద్ధం చేయడం అనే అర్థం మనిషి ఒంటి మీదికి వచ్చేసరికి ముస్తాబు చేయడం అయింది. షేక్‌స్పియర్ నాటకంలో ఒక పాత్ర తాను ఇంకొకరి గౌను వేసుకుని "ట్రిమ్" అయ్యానని చెబుతుంది. అంటే సింగారించుకోవడమే. గౌనుకి కుట్టే లేసులు, అంచులు, కుచ్చులు "ట్రిమ్మింగ్స్" అయ్యాయి. ఇప్పుడు పండగ భోజనం గురించి ఇంగ్లీషువాళ్లు అన్ని ట్రిమ్మింగ్స్‌తో అని చెప్పినా, కారు కంపెనీలు తోలు సీట్లు, చెక్క మెరుపు ఉన్న ఖరీదైన రకాన్ని పై ట్రిమ్ అని అమ్మినా, ఆ వంశమే. తెలుగులో "మనిషి ట్రిమ్‌గా ఉన్నాడు" అన్నప్పుడు కూడా ఎవరూ వాణ్ని ఎవరో కత్తిరించారని అనుకోరు. పొందిగ్గా, పొట్ట లేకుండా, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాడనే అర్థం. మనకి తెలియకుండానే మన వాడుకలోకి పాత అర్థం వచ్చేసింది.

అయితే కత్తెర ఎక్కడ దూరింది? దీపం దగ్గర చూస్తే తెలుస్తుంది. 1611లో వచ్చిన ఇంగ్లీషు బైబిల్లో పదిమంది కన్యల కథలో, పెళ్లికొడుకు వస్తున్నాడని అర్ధరాత్రి కేక వినపడగానే వాళ్లంతా లేచి తమ దీపాలను ట్రిమ్ చేశారని ఉంటుంది. తెలుగు బైబిల్లో అదే చోట "చక్కపరచిరి" అని ఉంది. ఎంత సరైన మాట! అనువదించినవాళ్లు కత్తిరించారని రాయలేదు. గ్రీకు మూలంలో ఉన్న క్రియకి కూడా అమర్చడం, క్రమంలో పెట్టడం, అలంకరించడం అనే అర్థాలే. దాని కుటుంబం నుంచే విశ్వం అనే అర్థంలో కాస్మోస్, అందం పెంచే కాస్మెటిక్స్ రెండూ వచ్చాయి. పాత గ్రీకులో ఆ క్రియను సైన్యాన్ని బారులు తీర్చడానికి కూడా వాడేవాళ్లు. మాల్డన్ యుద్ధరంగంలో బిర్త్‌నోత్ చేసిన పనికి గ్రీకు మాట వెతికితే అదే దొరుకుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మాటలు సైన్యం నుంచి సింగారం దాకా ఒకే దారిలో నడిచాయి.

దీపాన్ని చక్కపరచడం అంటే చేతులతో ఏం చేయాలో కిరసనాయిలు లాంతరు వాడిన ఇళ్లలో పెద్దవాళ్లకి ఇంకా గుర్తుంటుంది. సాయంత్రం దీపాల వేళకి ముందే గాజు చిమ్నీ తీసి ముగ్గుపిండో బూడిదో వేసి మసి తుడవాలి. బుడ్డిలో నూనె పోయాలి. నిన్న రాత్రి కాలి నల్లగా గట్టిపడిన వత్తి కొసను కత్తెరతో తిన్నగా కోసేయాలి. ఇక్కడ ఒక చిన్న నేర్పు ఉంది: బద్దీ లాంటి వత్తిని తిన్నగా కోశాక రెండు మూలలను కూడా ఇసుమంత తీసేయాలి, లేకపోతే మంట రెండు పక్కలా కొమ్ముల్లా పైకి లేచి, అయిదు నిమిషాల్లో చిమ్నీకి మసి పట్టి, అంత కష్టపడి తుడిచిందీ వృథా అవుతుంది. ఆ తర్వాత మర తిప్పి వత్తిని కావలసినంత ఎగదోయాలి. ఇందులో పోయడం ఉంది, తుడవడం ఉంది, ఎగదోయడం ఉంది, కోయడం ఉంది. ఇదంతా కలిపి ట్రిమ్. కానీ కంటికి ఆనేది, కత్తెర చప్పుడుతో గుర్తుండిపోయేది ఆ కోత ఒక్కటే. కాలం గడిచేకొద్దీ మొత్తం పని పేరు ఆ ఒక్క భాగానికి అంటుకుపోయింది. గడ్డం దగ్గరా అంతే, తోటలో చెట్ల కంచె దగ్గరా అంతే. చక్కగా చేయాలంటే అక్కడ కోయక తప్పదు, కాబట్టి కోయడమే అర్థమని జనం అనుకున్నారు. ఒక మాట అర్థం మారడమంటే ఎవరో కూర్చుని మార్చడం కాదు, పనిలో ఎక్కువసార్లు కనపడే భాగం మెల్లగా మాటను లాక్కోవడం.

గడ్డం దగ్గర ఇంకొక మంచి సంగతి ఉంది. అదే 1611 బైబిల్లో రెండో సమూయేలు గ్రంథంలో, మెఫీబోషెతు అనే అతను, దావీదు రాజు తిరిగి వచ్చేదాకా దుఃఖంతో గడ్డం ట్రిమ్ చేసుకోలేదని ఉంటుంది. హీబ్రూ మూలంలో అక్కడున్న క్రియకి మామూలు అర్థం "చేయడం". మూల ప్రకారం చెప్పాలంటే అతను మీసం చేసుకోలేదు, అంతే. తెలుగువాళ్లకి ఇందులో వింతేమీ లేదు, ఎందుకంటే మనం "గడ్డం చేసుకున్నావా?" అనే అడుగుతాం. గడ్డం చేసుకోవడం అంటే గడ్డం తయారు చేసుకోవడం కాదు, గీసుకోవడం. చేయడం అనే మాటలో తీసేయడం ఎలా ఇమిడిందో మనకి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఈ లెక్కన ట్రిమ్‌కి తెలుగులో అసలైన జోడీ ఏది? కత్తిరించు కాదు, "సవరించు". ఈ రెండు మాటలను పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. పాత కావ్యభాషలో సవరించు అంటే సిద్ధం చేయడం, అమర్చడం, అలంకరించడం. ఇప్పటి వాడుకలో జుట్టు సవరించుకుంటాం, చీర కుచ్చిళ్లు సవరించుకుంటాం, మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకుంటాం, వత్తి సవరిస్తాం, తప్పుల్ని సవరిస్తాం. వీటిలో దేనిలోనూ తీసేయడం గానీ చేర్చడం గానీ తప్పనిసరి కాదు, అవసరాన్ని బట్టి ఏదైనా జరగొచ్చు. రాజ్యాంగ సవరణలు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 1978లో వచ్చిన 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. 2002లో వచ్చిన 86వ సవరణ విద్యాహక్కును ప్రాథమిక హక్కుల్లోకి చేర్చింది. ఒకటి తీసింది, ఒకటి చేర్చింది, రెండిటి పేరూ సవరణే. గార్మెంట్ ఫ్యాక్టరీలో బొత్తాం ట్రిమ్, దారప్పోగు కోయడం కూడా ట్రిమ్ అయినట్టు.

ఇక్కడ ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. ఎదురర్థాలు ఒకే మాటలో కనపడితే అది రెండు రకాలుగా జరుగుతుంది. మొదటి రకంలో అసలు అవి రెండు వేర్వేరు మాటలు, అరిగిపోయి ఒకేలా తయారయ్యాయి. ఇంగ్లీషులో "క్లిప్" అలాంటిదే. కాగితాలను కలిపి పట్టే క్లిప్, కౌగిలించుకోవడం అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది. గోళ్లు కత్తిరించే క్లిప్ స్కాండినేవియా నుంచి వచ్చిన వేరే మాట. చీల్చడం, అంటుకోవడం అనే రెండర్థాలూ ఉన్న "క్లీవ్" సంగతీ ఇదే. తెలుగులో దీనికి చక్కటి ఉదాహరణ సవరం. జడ ఒత్తుగా కనపడాలని చేర్చి అల్లుకునే వెంట్రుకల పాయని సవరం అంటాం. పల్లెల్లో క్షవరం అనే మాట కూడా నోట్లో నలిగి సవరం అయింది. ఒక సవరం జుట్టు పెంచుతుంది, ఇంకొక సవరం జుట్టు తీసేస్తుంది, కానీ రెండూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒక చోట కలిశాయి. ట్రిమ్ ఈ రకం కాదు. అది మొదటి నుంచీ ఒకే మాట, దాని కడుపులోనే రెండు పనులకీ చోటుంది. సవరించు కూడా అలాంటిదే. ఇంటర్నెట్‌లో ఎదురర్థాల మాటల జాబితాలు చాలా తిరుగుతుంటాయి, వాటిలో క్లిప్‌నీ ట్రిమ్‌నీ ఒకే గాటన కట్టేస్తారు. ఆ రెండింటి పుట్టుకలు వేరని తెలిస్తేనే అసలు మజా.

సరిచేయడం అనే అర్థం కోపంలో కూడా పనికొస్తుంది. ఇంగ్లీషులో ఒకణ్ని ట్రిమ్ చేయడమంటే తన్నడం, చీవాట్లు పెట్టడం అని కూడా వాడారు. జేబు ఖాళీ చేయించడం అనే అర్థం కూడా ఉంది. తెలుగులో "వాణ్ని సరిచేయాలి" అంటే ఏంటో తెలిసిందే, "చిట్టీలో బాగా క్షవరం అయింది" అంటే ఏంటో అంతకంటే బాగా తెలుసు.

ఇప్పటి వాడుకల్లో రెండిటి గురించి చెప్పుకోవాలి. మొదటిది ఎక్సెల్‌లో పనిచేసేవాళ్లందరికీ తెలిసిన ట్రిమ్ ఫంక్షన్. రెండు షీట్లలోనూ "సుబ్బారావు" అనే ఉంటుంది, కళ్లతో చూస్తే అచ్చు ఒకేలా ఉంటుంది, ఒక షీట్‌లోని పేరును ఇంకో షీట్‌లో వెతికే వీలుకప్ ఫంక్షన్ మాత్రం మ్యాచ్ కాలేదని ఎర్రర్ కొడుతుంది, టెన్షన్ మొదలవుతుంది. ఒక షీట్‌లో పేరు చివర కనపడని ఒక ఖాళీ ఉంటుంది, అదే కారణం. ట్రిమ్ పెడితే పేరుకి ముందున్న ఖాళీలూ వెనకున్న ఖాళీలూ పోతాయి. కానీ "వెంకట   రమణ" అని మధ్యలో మూడు ఖాళీలుంటే మాత్రం అన్నీ తీసేయదు, ఒకటి ఉంచుతుంది. అన్నీ తీసేస్తే రెండు మాటలు కలిసిపోయి పేరు చెడిపోతుంది కదా. ఎంత ఉండాలో అంత ఉంచడం, ఇదీ ట్రిమ్. వెబ్‌పేజీల నుంచి కాపీ చేసిన డేటాలో ఒక్కోసారి వేరే రకం ఖాళీ అక్షరం ఉంటుంది, దాన్ని ట్రిమ్ ముట్టుకోదు, విడిగా తీసేయాల్సి వస్తుంది. కంప్యూటర్లలో డేటా దాచే ఎస్ఎస్‌డీ డిస్కుల్లో కూడా ట్రిమ్ అనే కమాండ్ ఉంది. దాన్ని పెద్ద అక్షరాల్లో రాస్తారు కాబట్టి నాలుగు మాటల కుదింపేమోనని చాలామంది వెతుకుతారు, అలాంటిదేమీ లేదు, ఇది ఆ మాటే. ఏ భాగాల్లోని డేటా ఇక అక్కర్లేదో ఆపరేటింగ్ సిస్టమ్ ఆ కమాండ్‌తో డిస్కుకి చెబుతుంది, డిస్కు వీలు చూసుకుని వాటిని ఖాళీ చేసి కొత్త రాతకి సిద్ధం చేసుకుంటుంది.

రెండోది కంపెనీల భాష. ఉద్యోగులను తీసేసేటప్పుడు "వర్క్‌ఫోర్స్‌ను ట్రిమ్ చేస్తున్నాం" అని ప్రకటన ఇస్తారు. కట్ అనొచ్చు, అనరు. ఎందుకంటే ట్రిమ్‌లో చక్కబెట్టడం అనే పాత వాసన ఇంకా ఉంది. అంచులు సరిచేశాం, సంస్థ ఇప్పుడు పొందిగ్గా ఉంది అనే భావం ఆ మాట చాటున వినేవాళ్ల చెవిలోకి వెళ్లిపోతుంది. ఉద్యోగం పోయినవాళ్లు లాంతరు వత్తి చివర నల్లబడిన కొస అన్నట్టు. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఆ ఈమెయిల్ అందుకున్న ఇంట్లో అది అంచు కాదు, ఇల్లంతా. తెలుగు పత్రికలు ఇలాంటి వార్తకి "ఉద్యోగాల కోత" అని హెడ్డింగ్ పెడతాయి. ఇక్కడ మాత్రం సవరించడం కంటే కోతే సరైన అనువాదం, ఎందుకంటే జరిగింది అదే.

ఇక చివరిగా అమెరికాలో ఉండే తెలుగు పిల్లలు డిసెంబర్‌లో వినే ఒక వాక్యం ఉంది: "ట్రిమ్ ద ట్రీ." స్కూల్లో ఈ మాట అంటే ఎవరూ కత్తెర తీసుకురారు, రంగు బంతులు, మెరుపు దండలు, లైట్లు తీసుకొస్తారు. క్రిస్మస్ చెట్టును అలంకరించడమని అర్థం. అదే వాక్యం మార్చి నెలలో పెరటి చెట్టు గురించి అంటే కొమ్మలు కొట్టేయమని. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు. ఆ వాక్యంలోని రెండు ముఖ్యమైన మాటలూ, ట్రిమ్, ట్రీ, ఒకే మూలం నుంచి వచ్చాయని పండితులు అనుకుంటున్నారు. గట్టిది, స్థిరమైనది అనే అర్థమున్న అతి పాత ధాతువు అది. నిజం అనే అర్థంలో ట్రూ, నమ్మకం అనే అర్థంలో ట్రస్ట్ కూడా దాని పిల్లలే. అదే ధాతువు సంస్కృతంలో చెక్క అనే అర్థంలో దారువు అయింది, చెట్టు అనే అర్థంలో ద్రుమం అయింది. తెలుగు మాత్రం ఇంగ్లీషూ సంస్కృతమూ ఉన్న ఆ కుటుంబపు భాష కాదు, ద్రావిడ భాష. అది సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ, కన్నడాల కుటుంబానిదని మద్రాసులో పనిచేసిన బ్రిటిష్ అధికారి ఎల్లిస్ దొర 1816లోనే చూపించాడు. కానీ సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటల్లో ఇవి రెండూ ఉన్నాయి. దేవదారు అన్నప్పుడు, దారుశిల్పం అన్నప్పుడు, కల్పద్రుమం అన్నప్పుడు నోట్లో పలుకుతున్నది ట్రిమ్‌కి దూరపు చుట్టాన్నే.